గడప దాటిన రెండు రోజులు

"రెండు రోజులా! ఎవరెవరూ?" అన్నారు మావారు, పేపరు మడిచి పక్కన పెట్టి.

"నలుగురం. ఇంటర్‌లో నా రూమ్మేట్స్ లేరూ, వాళ్ళే."

"అంతా ఆడవాళ్ళేనా?" ఇది మా అత్తగారు, వంటింట్లోంచి.

పెళ్ళయి పదిహేనేళ్ళు. ఈ పదిహేనేళ్ళలో పుట్టింటికి వెళ్ళాను. పురుళ్ళకి వెళ్ళాను. పెళ్ళిళ్ళకీ, పరామర్శలకీ వెళ్ళాను. అందరం కలిసి అన్నవరం, తిరుపతి వెళ్ళాం. కానీ ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, కేవలం స్నేహితురాళ్ళతో రెండు రోజులు ఉండి రావడానికి ఇంటి గడప దాటింది మాత్రం లేదు. మీలో చాలామంది సంగతీ ఇంతేనేమో!

మొత్తానికి ఒప్పించాను. ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, చిన్నాడి యూనిఫాం ఇస్త్రీ చేసి, అత్తగారి షుగరు మాత్రలు పొద్దుటివి, రాత్రివి విడివిడిగా పొట్లాలు కట్టి, పాలవాడికి లెక్క చెప్పి బయల్దేరాను. స్టేషన్లో దింపి మావారు మూడుసార్లు "జాగ్రత్త" అన్నారు. ఆయన భయం ఘాట్‌రోడ్డు గురించి, చలి గురించి. నా భయం వేరే. అది ఆయనకి తెలీదు. కొత్తవలసలో ఎక్కబోయే నాలుగో మనిషికి మాత్రం తెలుసు.

కొత్తవలస స్టేషన్లో...

పేర్లు రాస్తే ఊరుకోమని ముగ్గురూ ముందే చెప్పారు. అందుకని వాళ్ళ ఉద్యోగాలతోనే పిలుస్తాను. బ్యాంకు, నర్సు, టీచరు. ఇరవై ఏళ్ళ కిందట హాస్టల్లో ఒకే గదిలో నాలుగు మంచాలు మావి. బకెట్లు రెండే. ఉత్తరాలు వస్తే నలుగురం చదివేవాళ్ళం. తర్వాత ముగ్గురూ ఉద్యోగాల్లో పడ్డారు. నేను డిగ్రీ చేసి, పెళ్ళి చేసుకుని, మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక కథలు రాసుకుంటూ ఉండిపోయాను.

ప్రయాణం ఆలోచన నర్సుది. 2024లో కార్తీక పౌర్ణమి శుక్రవారం వచ్చింది. "మర్నాడు శని, ఆదివారాలు. అనంతగిరిలో కాఫీ తోటల మధ్య చెక్క కాటేజీ అద్దెకిస్తున్నారు. వనభోజనం చేద్దాం రండి" అని ఫోన్లు చేసింది. ఆమె క్రిస్టియన్. మాకు కార్తీక మాసం గుర్తు చేసింది ఆవిడే! అందరికన్నా ముందు "వస్తాను" అన్నది టీచరు. అది విన్నాక నాకు మానేద్దామా అనిపించింది.

ఎందుకో చెప్పాలి.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. ఫోను మోగితే గుండె జారిపోయేది. ఆ నెలలోనే విజయనగరంలో టీచరు వాళ్ళాయన పోయారు. నలభై రెండేళ్ళ మనిషి. వాళ్ళ పాప అప్పుడు ఆరో తరగతి. నర్సు ఏడుస్తూ ఫోన్ చేసి చెప్పింది. నేను టీచరుకి ఫోన్ చేశాను. ఏమన్నానో నాకు గుర్తులేదు. ఏదో అన్నాను. పెట్టేశాను.

వెళ్ళలేదు. కర్ఫ్యూలో ఎలాగూ ఎవరం వెళ్ళలేదు. కానీ కర్ఫ్యూ ఎత్తేశాక కూడా వెళ్ళలేదు. విశాఖపట్నం నుంచి విజయనగరం అరవై కిలోమీటర్లు. బస్సెక్కితే రెండు గంటలు. మూడున్నరేళ్ళలో ఆ రెండు గంటలు నాకు దొరకలేదు! పండగలకి మెసేజీలు పంపాను. ఆమె చేతులు జోడించిన బొమ్మ పంపేది. అంతే.

హాస్టల్లో నాకు ఆటలమ్మ పోసినప్పుడు గదిలో మిగతావాళ్ళని వార్డెన్ ఖాళీ చేయించింది. టీచరు మాత్రం కదల్లేదు. "నాకు చిన్నప్పుడే వచ్చేసింది మేడమ్" అని అబద్ధమాడి నా పక్కనే ఉంది. వేపమండతో విసిరింది, గంజి పోసింది. నాకు తగ్గిన రెండు వారాలకి ఆమెకి పోసింది. ఇప్పటికీ ఆమె ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న గుంట ఉంది. కొత్తవలసలో ఆమె రైలెక్కి ఎదుటి సీట్లో కూర్చోగానే నా కళ్ళు ముందు ఆ గుంట మీదికే వెళ్ళాయి.

"బాగున్నావా?"

"బాగున్నాను. నువ్వూ?"

"బాగున్నాను."

ఒకప్పుడు 'ఏం తిన్నావే' అన్న ప్రశ్నకి అరగంట జవాబు చెప్పుకున్న మనుషులం మేం!

గుహలో మెట్ల దగ్గర

కిరండూల్ బండి ఎక్కని వాళ్ళ కోసం ఒక్క మాట. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. ఇనుము కోసం వేసిన దారే ఇప్పుడు అరకు చూసేవాళ్ళ దారయింది. 2017లో దీనికి అద్దాల పెట్టె తగిలించారు. మాకు దానిలో టికెట్లు దొరకలేదు. మామూలు పెట్టెలోనే కిటికీ పక్క చోటు పట్టుకున్నాం. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలు. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా కేకలు. బ్యాంకు వాళ్ళకన్నా గట్టిగా కేకలు పెట్టింది. నాకేమో ఆ చీకటి హాయిగా ఉంది. టీచరు మొహం కనపడదు కదా!

బొర్రా గుహలు స్టేషన్లో దిగి ముందు గుహలే చూశాం. ఆ కొండలన్నీ ఇప్పుడు 2022లో కొత్తగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. మెట్లు దిగి లోపలికి వెళ్తుంటే ఎవరో పెద్ద గిన్నె బోర్లించి మనల్ని అందులో పెట్టినట్టుంటుంది. పైనుంచి చుక్క చుక్కగా నీళ్ళు. బ్యాంకు బీయస్సీ చదివింది, వివరంగా చెప్పింది. వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డై ఆక్సైడ్‌ని కలుపుకుని కాస్త పుల్లబడతాయిట. ఆ నీళ్ళు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కిందికి దిగి, చుక్క రాలేచోట ఆ సున్నాన్ని వదిలేస్తాయి. అలా పైనుంచి ఊడలు వేలాడతాయి, కిందనుంచి స్తంభాలు లేస్తాయి. పెరుగుదల మామూలుగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా ఉండదుట.

స్థలపురాణం ఇంకోలా చెబుతుంది. మేత మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి గుహలో పడింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవుతోపాటు రాతిలో శివలింగం కనిపించింది. అక్కడ ఆవు పొదుగులాంటి రాయి నుంచి జారే నీరే గోస్తనీ నది అంటారు. ఆ గోస్తనీయే తాటిపూడి రిజర్వాయరుకి చేరి మా విశాఖ కుళాయిల్లోకీ వస్తుంది, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం ఇంట్లో తాగే నీళ్ళకి పుట్టిల్లు ఇంత చీకట్లో ఉందని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

లింగం ఉన్నచోటికి నిటారుగా మెట్లు ఎక్కాలి. మెట్ల దగ్గర టీచరు ఆగిపోయింది.

"మీరు వెళ్ళి రండే. నేనిక్కడుంటాను."

"కాళ్ళు నొప్పా?" అన్నాను తెలివితక్కువగా.

"కాదు" అంది. అంతే అంది. నర్సు ఆమె పక్కన నిలబడిపోయింది.

నేనూ, బ్యాంకూ ఎక్కాం. బ్యాంకు రాయిని చూడ్డానికి ఎక్కింది, నేను దేవుణ్ణి చూడ్డానికి. కళ్ళు మూసుకోగానే ఎప్పటిలాగే నా జాబితా మొదలయింది. మావారి బీపీ, పెద్దాడి మార్కులు, అత్తగారి షుగరు... ఎవరికీ ఏమీ కాకుండా చూడు తండ్రీ, మా గుమ్మం వైపు ఏ చెడూ రాకుండా చూడు తండ్రీ... రోజూ దీపం దగ్గర చదివే పాఠమే. కళ్ళు తెరిచి కిందికి చూస్తే టీచరు తలెత్తి నన్నే చూస్తోంది. ఎందుకో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది.

నెగడు దగ్గర

అనంతగిరికి జీపు మాట్లాడుకున్నాం. దారిలో బొంగులో చికెన్ వాసన. "కార్తీకమాసం మీకు గానీ నాకు కాదుగా" అని నర్సు జీపు ఆపించింది. కాల్చిన వెదురు బొంగు చీల్చి వేడివేడిగా ఆకులో పోసిచ్చారు. బ్యాంకు వైపు చూస్తే, ఆవిడ ఎప్పుడో మొదలుపెట్టేసింది! మేమిద్దరం మరమరాలు నమిలాం. ఆ రోజు నేనూ, టీచరూ కలిసి నవ్వింది అక్కడే మొదటిసారి.

కాటేజీ అంటే రెండు గదులూ, ముందు వసారా. అంతా చెక్కే. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకించిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. కొమ్మల నిండా పండిన కాయలు ఎర్రగా. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని టీచరు చెప్పింది. ఎంతైనా టీచరు! ఫోన్లలో సిగ్నల్ లేదు. మొదటి గంట నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పిల్లలు అన్నం తిన్నారో లేదో! రెండో గంటకి, తినే ఉంటారులే అనిపించింది.

చీకటి పడగానే చలి పట్టుకుంది. తోట చూసుకునే ఆవిడ వసారా ముందు నెగడు వేసింది. నలుగురం చుట్టూ చేరాం. హాస్టలు కబుర్లు, వార్డెన్ కబుర్లు, ఎవరి ఆడపడుచు ఎంతదో... పది దాటింది.

"పడుకునే ముందు ప్రార్థన చేసుకుంటాను. ఇబ్బంది లేదుగా?" అంది నర్సు.

"హాస్టల్లో ఎప్పుడైనా అడిగావా?" అంది బ్యాంకు.

నర్సు కళ్ళు మూసుకుని మెల్లగా మొదలుపెట్టింది. మా అందరి పేర్లూ, మా పిల్లల పేర్లూ చెప్పింది. మా అత్తగారి పేరు కూడా! చివర్లో టీచరు వాళ్ళాయన పేరు చెప్పి, ఆయన్ని జ్ఞాపకం చేసుకుంటున్నామంది. ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు. నెగడులో కట్టె చిటపటమంటోంది.

అప్పుడు అడిగింది టీచరు. గొంతు పెంచలేదు. నిప్పులోకి చూస్తూనే అడిగింది.

"నువ్వెందుకు రాలేదే?"

మూడున్నరేళ్ళుగా ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కర్ఫ్యూ. ఇంట్లో షుగరు పేషెంటు. చిన్నపిల్లలు. అన్నీ వరసగా చెప్పాను.

"అవన్నీ నాకు తెలుసు. మే నెల సంగతి కాదు నేనడిగేది. ఆగస్టులో ఎందుకు రాలేదు? దసరాకి బళ్ళు తెరిచేశారు, సినిమాలు తెరిచేశారు. అప్పుడెందుకు రాలేదు?"

కథలు రాసేదాన్ని కదా, ఏదో ఒకటి అల్లొచ్చు. కానీ ఆ నిప్పు ముందు, ఆ ముగ్గురి ముందు నోరు రాలేదు. అప్పుడు చెప్పాను. శ్రావణమాసం దగ్గర పడుతోందనీ, వరలక్ష్మీ వ్రతం చేసుకునేదాన్ని ఏడాది తిరక్కుండా అలాంటి ఇంటికి వెళ్ళకూడదనీ మా అత్తగారు ఒక్కసారి అన్నారు. ఒకే ఒక్కసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కూడా. పాటించింది మాత్రం నేను. ఆవిడ అన్నారని కాదు. నాకూ లోపల అదే భయం ఉంది కాబట్టి. ఏడాది తిరిగాక సిగ్గు అడ్డొచ్చింది.

"నా పసుపుకుంకాలు బాగుండాలని నీ గుమ్మం తొక్కలేదే" అన్నాను. అంత నీచమైన మాట నా జీవితంలో ఇంకోటి పలకలేదు. అదే నిజం.

ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదయింది. టీచరు లేచి లోపలికి వెళ్ళింది. ఇక తలుపేసుకుంటుందనుకున్నాను. దుప్పటి పట్టుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని, "చలేస్తోంది, ఇటు జరుగు" అని ఇద్దరి మీదా కప్పింది.

"కోపం పోయిందనుకోకు. పోలేదు. కానీ అడిగేశాను కదా, కొంచెం బరువు దిగింది" అంది.

దేవుడి మీద కోపం

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన పోయిన రోజు నుంచి ఇంట్లో దీపం పెట్టలేదని చెప్పింది టీచరు. ఎవరో వద్దన్నందుకు కాదు. "అన్ని మొక్కులు మొక్కాను. ఆయన మీద నాకు కోపం. మెట్లెక్కి ఆ మొహం చూడాలనిపించలేదు."

"కోపమొచ్చిందంటే ఉన్నాడనేగా! లేనివాడి మీద ఎవరికైనా కోపం వస్తుందా?" అంది నర్సు. టీచరు జవాబు చెప్పలేదు, కాదనా లేదు.

నర్సు ఆ రోజుల్లో కోవిడ్ వార్డులో పనిచేసింది. "నేను ప్రార్థన చేసినవాళ్ళు బతికారు, చేసినవాళ్ళు పోయారు కూడా. లెక్క వేస్తే ఏమీ తేలదు. మరి ఎందుకు చేశావంటే... ఆ మంచం పక్కన నిలబడ్డానికి నాకు ధైర్యం కావాలిగా. దానికోసం చేసేదాన్ని" అంది.

ఆ రాత్రే నాకు ఇంకో సంగతి తెలిసింది. 2021 జులైలో బ్యాంకు సెలవు పెట్టి విజయనగరం వెళ్ళింది. టీచరు వాళ్ళాయన పాస్‌బుక్ పేజీ పేజీ తిరగేసింది. ఒకచోట 330 రూపాయలు కోసినట్టు కనపడింది. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. ఆయన ఎప్పుడు సంతకం పెట్టారో టీచరుకి తెలీనే తెలీదు. కాగితాలన్నీ రాయించి, ఆ బ్రాంచి చుట్టూ తిరిగి, నామినీకి రావలసిన 2 లక్షలూ వచ్చేదాకా బ్యాంకు వదల్లేదు. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2015లో మొదలైన ఈ పథకానికి 2022 జూన్ నుంచి ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ళ లోపు ఖాతాదారులు చేరొచ్చు. మీ ఇంట్లో వాళ్ళ పాస్‌బుక్కులు ఒకసారి చూసి, నామినీగా ఎవరి పేరుందో కనుక్కోండి.)

దేవుడు లేడనే మనిషి ఆ గుమ్మంలోకి వెళ్ళింది. వేరే దేవుణ్ణి కొలిచే మనిషి రోజూ ఫోన్ చేసింది. పొద్దున్నా సాయంత్రం దీపం పెట్టి, లలితా సహస్రనామం తప్పకుండా చదివే నేను ఇంట్లో కూర్చున్నాను.

భయభక్తులు అని కలిపి అంటాం మనం. చిన్నప్పటినుంచీ అది ఒకే మాట అనుకున్నాను. రెండు మాటలని ఆ రాత్రి తెలిసింది. నాకు మొదటిదే ఎక్కువ. ఏ తప్పు చేస్తే ఏమవుతుందో, ఏ రోజు ఏది ముట్టుకుంటే ఏం పోతుందో... నా పూజంతా మా ఇంటి చుట్టూ కంచె వేసుకోవడమే. ఆ కంచెకి అవతల నా స్నేహితురాలు ఒక్కతీ నిలబడి ఉంది. ఆమెని అవతల నిలబెట్టింది దేవుడు కాదు కదా!

గెడ్డ ఒడ్డున దీపం

తెల్లారుజామున లేచాం. కాటేజీకి దిగువన చిన్న గెడ్డ. నీళ్ళు సూదుల్లా గుచ్చుతున్నాయి. మా విజయనగరం వాళ్ళు వణుకుతూ కూడా స్నానం మానరు! పడమటి కొండ మీద చంద్రుడు ఇంకా ఉన్నాడు. నేను అరటి డొప్పలో వత్తి పెట్టి, నెయ్యి వేసి, వెలిగించబోయాను. మంచుకి అగ్గిపెట్టె చెమర్చింది. నాలుగు పుల్లలు విరిగాయి. అయిదోది అంటుకుంది గానీ గాలి. వత్తి వెలుగుతోంది, అణిగిపోతోంది.

టీచరు చూడ్డానికి వచ్చానంది. చూస్తూ నిలబడింది. నిలబడ్డ మనిషి వంగి, రెండు అరచేతులూ దీపం చుట్టూ అడ్డం పెట్టింది. దీపం నిలదొక్కుకునేదాకా తియ్యలేదు. ఆమె దీపం వెలిగించలేదు, దణ్ణం పెట్టలేదు. నేనూ పెట్టమనలేదు. డొప్పని నీళ్ళలోకి వదిలాను. రాళ్ళ మధ్య గిర్రున తిరిగి, వంపు దాటి వెళ్ళింది. ఆ రోజు నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. జాబితా గుర్తే రాలేదు.

మధ్యాహ్నం వనభోజనం. తోటావిడ ఉసిరిచెట్టు చూపించింది. అడ్డాకు విస్తళ్ళు తనే కుట్టి తెచ్చింది. పప్పు, వంకాయ కూర, పులిహోర, ఉసిరికాయ పచ్చడి. నర్సు పులిహోర కలిపింది, బ్యాంకు వడ్డించింది. "మీరూ కూర్చోండమ్మా" అంటే తోటావిడా మాతోపాటే కూర్చుంది. ఎంతసేపు తిన్నామో! లేచి ఎవరికో నీళ్ళివ్వాల్సిన పని లేదు. రెండోసారి వేడి చెయ్యాల్సిన పని లేదు. చల్లారిన అన్నం కూడా అంత రుచిగా ఉంటుందని మర్చిపోయాను.

ఖర్చు సంగతి అడుగుతారేమో, నలుగురికీ కలిపి పదివేలు దాటలేదు. లెక్క బ్యాంకు రాసింది, అణా పైసలతో సహా.

సాయంత్రం తిరుగు బండిలో వలిసె పూల ఫొటోలు చూపించి, వచ్చేసారి అరకు దాకా వెళ్దామంది నర్సు. కొత్తవలసలో దిగుతూ టీచరు నా వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారం భోజనానికి రా" అంది. జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది.

ఆ గడప

ఇంట్లో చెప్పాను, ఎక్కడికి వెళ్తున్నానో, ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదో. మా అత్తగారు ఏమీ అనలేదు. ఆదివారం నేను చెప్పులు వేసుకుంటుంటే మాగాయ సీసా చేతికిచ్చి, "ఆ పిల్లకివ్వు. ఒట్టి చేతులతో వెళ్తావా?" అన్నారు. ఆవిడలోనూ ఏదో కదిలినట్టే ఉంది.

తలుపు తీసింది పాప. ఆరో తరగతి పిల్ల పదో తరగతికి వచ్చేసింది. నా భుజం దాటింది. ఈ ఎత్తంతా నేను చూడకుండానే పెరిగింది.

"కథలు రాసే ఆంటీ మీరేనా? అమ్మ మీవన్నీ దాచింది" అని లోపల్నుంచి ఒక ఫైలు తెచ్చింది. పత్రికల్లో వచ్చిన నా కథలు. అంచులు సమంగా కత్తిరించి, తేదీలు వేసి, వరసగా. 2019వి ఉన్నాయి. 2022వి ఉన్నాయి. 2023లో వచ్చిందీ ఉంది. నేను ఆ గుమ్మం తొక్కని ఏళ్ళవి కూడా!

"కోపం అన్నావు కదే" అన్నాను, గొంతు పెగుల్చుకుని.

"కోపం నీ మీద. కథలేం చేశాయి పాపం?" అంది టీచరు, కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిస్తూ.

గోడ మీద ఆయన ఫొటోకి దణ్ణం పెట్టుకున్నాను. మూడున్నరేళ్ళ ఆలస్యంగా పలకరించాను. దేవుడి గూట్లో దీపం లేదు. అడగలేదు. అది ఆమెకీ, ఆయనకీ మధ్య సంగతి. కుందులు మాత్రం తోమి పెట్టి ఉన్నాయి.

ఇప్పుడు నెలకో ఆదివారం ఆమె ఇక్కడికొస్తుంది, లేదా నేను అక్కడికి వెళ్తాను. కోపం పూర్తిగా పోయిందా అని నేను అడగను. అప్పుడప్పుడు ఒక మాట విసురుతుంది, పడతాను. గుహలో చూశాను కదా, చుక్క చుక్కగా కట్టుకునేది ఒక్కరోజులో కట్టదు.

నా పూజ మానలేదు. పాఠం కాస్త మారింది. ఎవరికీ ఏమీ కాకుండా చూడమని ఇప్పటికీ అడుగుతాను, అమ్మనీ ఆలినీ కదా! దాంతోపాటు ఇంకోటి కలిపాను. ఎవరికైనా ఏదైనా అయినప్పుడు వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళే ధైర్యం ఇమ్మని.

మీకూ ఇలా వెళ్ళాల్సి ఉండీ వెళ్ళని గడప ఒకటి ఉండొచ్చు. ఆలస్యమైపోయింది, ఇప్పుడేం మొహం పెట్టుకుని వెళ్తాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ మొహమే పెట్టుకుని వెళ్ళండి. తలుపు తీసేవాళ్ళు అడిగేది అడుగుతారు. అడగనివ్వండి.